ట్రాలీలో మోటార్‌సైకిల్ కదలకుండా కట్టడం ఎలా

ఉదయగిరిలో ఇంజను పట్టేసిన బులెట్‌ను నెల్లూరు మెకానిక్ దగ్గరికి చేర్చాలన్నా, మార్కాపురం నుంచి ఒంగోలుకు ఇల్లు మారుతూ బీరువా, మంచాల పక్కన స్ప్లెండర్‌ను కూడా వేసుకుపోవాలన్నా మన దగ్గర జరిగేది ఒకటే. టాటా ఏస్ ట్రాలీ మాట్లాడతారు. నలుగురు పట్టి బండిని పైకి లేపుతారు. సైడ్ స్టాండ్ వేసి, హ్యాండిల్‌కు ప్లాస్టిక్ తాడు రెండు చుట్లు చుట్టి, ఇంట్లో కుర్రవాడిని ‘పట్టుకొని కూర్చోరా’ అని తొట్టిలోకి ఎక్కిస్తారు. బండి చాలాసార్లు క్షేమంగానే చేరుతుంది. అందుకే ఈ పద్ధతి ఇన్నేళ్లుగా నిలిచింది. చేరనప్పుడు మాత్రం ట్యాంకు సొట్ట పడుతుంది, క్లచ్ లీవర్ విరుగుతుంది, కుర్రవాడి కాలు బండి కింద ఉంటుంది.

బెల్టులతో కట్టడం పెద్ద విద్యేమీ కాదు. కానీ చాలామంది ‘ఎంత గట్టిగా బిగించాలి?’ అన్న ప్రశ్నతో మొదలుపెడతారు. ముందుగా చూడవలసింది అది కాదు. బెల్టు ఏ దిక్కుకు లాగుతోంది? దాని రెండు కొసలూ దేన్ని పట్టుకున్నాయి? ఈ రెండూ కుదిరితే మామూలు బెల్టు చాలు. కుదరకపోతే లారీ బెల్టు కట్టినా బండి పక్కకు ఒరుగుతుంది.

ముందు మీ దారిని చూసుకోండి

తొట్టిలో నిలబెట్టిన బండిని బ్రేకు ముందుకు తోస్తుంది, మలుపు పక్కకు తోస్తుంది, గుంత పైకి ఎగరేస్తుంది. సరుకు కట్టడానికి ఐరోపాలో పాటించే ప్రమాణం ప్రకారం, సరుకు బరువులో 80 శాతం ముందుకు, 50 శాతం పక్కలకు, 50 శాతం వెనక్కి తోపు వస్తుందని లెక్క వేసుకొని కట్టాలి. స్ప్లెండర్ బరువు సుమారు 112 కిలోలు. అంటే గట్టి బ్రేకు పడితే 90 కిలోల తోపు. 195 కిలోల బులెట్ (క్లాసిక్ 350) అయితే 156 కిలోలు. తొట్టిలో కూర్చున్న మనిషి రెండు చేతులతో ఆపగలిగే బలం కాదిది. పైగా సరుకు వాహనం తొట్టిలో మనిషిని ఎక్కించడం చట్టానికి కూడా విరుద్ధం. కాబట్టి ఆ కుర్రవాడిని దింపేసి మిగతాది చదవండి.

ఏ తోపుకు ఎక్కువ జాగ్రత్త పడాలన్నది మీరు వెళ్లే దారి చెబుతుంది. ఒంగోలు, కావలి, నెల్లూరు మీదుగా చెన్నై వైపు వెళ్లే 16వ నంబరు జాతీయ రహదారి చదునుగా ఉంటుంది, వేగం ఎక్కువ. ముందున్న లారీ ఉన్నట్టుండి ఆగితే వచ్చేది ముందుకు తోపు. కాబట్టి అక్కడ ముందు చక్రానికి గట్టి ఆనిక ఉండాలి. పొదిలి, కనిగిరి, పామూరు వైపు ఊళ్ల గుండా పోతే స్పీడ్ బ్రేకర్ల మీద బండి షాకులు నొక్కుకొని లేస్తూ ఉంటాయి, ఆ కుదుపులోనే బెల్టు వదులై కొక్కెం జారుతుంది. గిద్దలూరు నుంచి నంద్యాల వైపో, దోర్నాల నుంచి శ్రీశైలం వైపో నల్లమల ఘాట్ ఎక్కితే పక్క తోపు మారిమారి వస్తుంది, అక్కడ వెనక బెల్టులు లేకుండా బయలుదేరవద్దు.

ఏమేం కావాలి

బెల్టులు నాలుగు. చక్రానికి ఐదోది ఉంటే మంచిది. పాలియెస్టర్ బెల్టులే తీసుకోండి. నైలాన్ ఎక్కువ సాగుతుంది. మార్కెట్లో నైలాన్ తాడు పేరుతో అమ్మే రంగురంగుల ప్లాస్టిక్ తాడు సాగడమే కాదు, ఎండకు పొట్టు లేస్తుంది. ఐరోపా ప్రమాణం పాటించే బెల్టుల మీద కుట్టిన లేబుల్ నీలం రంగులో ఉంటే పాలియెస్టర్, ఆకుపచ్చ అయితే నైలాన్, గోధుమ రంగు అయితే పాలీప్రొపిలీన్.

వెడల్పు 25 మిల్లీమీటర్లు చాలు, బులెట్‌కు 38. లారీ సామాను దుకాణంలో ముందుగా చేతికిచ్చే 50 మిల్లీమీటర్ల రాచెట్ బెల్టు ఈ పనికి ఎక్కువ. దాని పిడిని ఒక మనిషి మామూలుగా లాగితేనే బెల్టులో 250 కిలోలకు పైగా బిగువు వస్తుంది. అలాంటివి రెండు వేస్తే ముందు షాకులు పూర్తిగా నొక్కుకుపోతాయి. లేబుల్ మీద తెగిపోయే బరువు, పని బరువు (భద్రంగా ఆపగల బరువు) అని రెండు అంకెలు ఉండవచ్చు. సాధారణంగా పని బరువు తెగిపోయే బరువులో మూడో వంతు ఉంటుంది, మీరు చూడవలసింది దాన్నే. ఒక్కో బెల్టు పని బరువు మీ బండి బరువుకు తగ్గకుండా ఉంటే నిశ్చింత. ఏ అంకే లేని బెల్టును మంచం కట్టడానికి వాడుకోండి.

బిగించే పరికరం రెండు రకాలు: పిడి ఊపుతూ పళ్లచక్రంతో బిగించే రాచెట్, బెల్టును చేత్తో లాగితే నొక్కి పట్టే క్యామ్ బకిల్. వంద సీసీ బండ్లకు క్యామ్ బకిల్ మేలని నా అభిప్రాయం. చేతి బలాన్ని మించి బిగియదు కనుక షాకులను పాడుచేయడం కష్టం. బరువు బండికి, ఘాట్ రోడ్డుకు రాచెట్ వాడండి. కొక్కేలకు నోరు మూసే స్ప్రింగు నాలుక ఉండాలి. లేకుంటే తగిలించిన తర్వాత నోటికి ఇన్సులేషన్ టేపు నాలుగు చుట్లు చుట్టండి.

వీటితో పాటు సాఫ్ట్ లూపులు, అంటే రెండు కొసలా కన్నాలు కుట్టిన మూరెడు బెల్టు ముక్కలు, నాలుగు కొనండి. బండి ఇనుముకు కొక్కెం నేరుగా తగిలిస్తే పెయింటు గీసుకుపోతుంది, కొక్కెం జారుతుంది కూడా. ఈ లూపును ఫోర్కు, అంటే ముందు చక్రాన్ని పట్టే షాకు గొట్టం, చుట్టూ తిప్పి ఒక కన్నంలోంచి రెండోదాన్ని దూర్చి లాగితే అది ఇనుమును పట్టుకుంటుంది, కొక్కెం లూపుకు తగిలించాలి. ఇంకా రెండు గోనె సంచులు, ఒక పాత సైకిల్ ట్యూబు, ఒక పాత టైరు, అడ్డు చెక్కలు దగ్గర పెట్టుకోండి.

వాహనం ఎంచుకోవడం

మామూలు టాటా ఏస్ తొట్టి పొడవు సుమారు ఏడడుగులు. స్ప్లెండర్ పొడవు రెండు మీటర్లు, అందులో సరిపోతుంది. క్లాసిక్ 350 పొడవు 2,145 మిల్లీమీటర్లు, అంటే ఏడడుగుల పైమాటే. వెనక డోరు మూయడానికి బండిని మూలకు అడ్డంగా నిలబెడతారు. అలా పెడితే ఒక పక్క బెల్టు పొట్టిగా నిటారుగా, రెండో పక్కది పొడవుగా చదునుగా వస్తుంది. బులెట్‌కు బొలెరో పికప్ లాంటి పొడవు తొట్టి మాట్లాడుకుంటే కిరాయి కాస్త ఎక్కువైనా కట్టడం సులువు.

కిరాయి మాట్లాడే ముందే తొట్టి పక్కల కింద ఉన్న కొక్కేలను చేత్తో ఊపి చూడండి. టార్పాలిన్ తాడు కోసం వెల్డు చేసిన సన్న కడ్డీలు కొన్ని ఉంటాయి, తుప్పు పట్టి ఒక్క లాగుకు ఊడివస్తాయి. క్యాబిన్ వెనక ఇనుప ఫ్రేమ్ అడుగు భాగం గట్టిగా ఉంటే ముందు బెల్టులకు అదే మంచి ఆధారం. తొట్టి రేకులో కన్నాలు ఉన్నాయి కదా అని వాటికి తగిలించవద్దు, రేకు అంచు బెల్టును కోస్తుంది.

ఎక్కించడం

నలుగురు మోసి ఎక్కించడం మన అలవాటు. సైలెన్సర్ కాలుతుందని ఒకరు చేయి వదిలితే మిగతా ముగ్గురి నడుములు పడతాయి. అంతకంటే ట్రాలీని ఎత్తు నేల దగ్గరికి వెనక్కి తీసుకెళ్లండి. చెరువు కట్ట, సిమెంటు గోదాము అరుగు, రైసు మిల్లు లోడింగ్ అరుగు ఏదైనా సరే. తొట్టి, అరుగు ఒకే ఎత్తుకు వస్తే ఇద్దరు చాలు.

అరుగు దొరకకపోతే పలక వాడాలి. తొట్టి ఎత్తు రెండున్నర అడుగులు అనుకుంటే, ఎనిమిది అడుగుల పలక వేస్తే వాలు 18 డిగ్రీల దగ్గర ఉంటుంది, మనిషి తోయగలిగిన వాలు అది. పలక పొట్టిదైతే వాలు పెరుగుతుంది, పైగా పలక పై అంచు దగ్గర ఇంజను అడుగు రాసుకొని బండి ఇరుక్కుంటుంది. పలక పై కొసను తొట్టికి ఒక బెల్టుతో కట్టండి. వెనక చక్రం ఎక్కేటప్పుడు పలక వెనక్కి తన్నుకు రావడం వల్లే ఎక్కువ బండ్లు పడతాయి. ట్రాలీ హ్యాండ్ బ్రేకు వేయించి, దాని చక్రాల వెనక రాళ్లు పెట్టించండి.

ఇంజను ఆపి, ఒకరు ఎడమ పక్క నిలబడి హ్యాండిల్, ముందు బ్రేకు పట్టుకోవాలి, ఇంకొకరు వెనక నుంచి తోయాలి. పక్కన నడవడానికి రెండో పలక ఉంటే తోసేవారి కాలు గాలిలో ఉండదు. బండి మీద కూర్చొని నడుపుతూ ఎక్కించడం మాత్రం వద్దు. పైకి చేరగానే ఆగాలంటే కాలు ఆనించడానికి నేల దొరకదు.

ముందు చక్రం క్యాబిన్ వైపు గోడకు, మధ్యలో పాత టైరు అడ్డుపెట్టి, నిటారుగా ఆనించండి. చక్రానికి రెండు పక్కలా అడ్డు చెక్కలు పెట్టి కదలకుండా చేయండి. హ్యాండిల్ నేరుగా ఉండాలి. స్టీరింగ్ లాకు వేయవద్దు, ఒక పక్కకు తిరిగిన చక్రాన్ని రెండు పక్కలా సమానంగా లాగడం కుదరదు.

కట్టడం

ఇక్కడ తొందర పనికిరాదు. సైలెన్సర్ వేడిగా ఉంటే చల్లారే దాకా ఆగండి. పాలియెస్టర్ వేడికి కరుగుతుంది, కరిగే దాకా పోకుండానే బలం కోల్పోతుంది.

ముందుగా లూపులు. రెండు ఫోర్కులను కలిపి పట్టే కింది బిగింపుకు పైన, హెడ్‌లైట్ వెనక, ఒక్కో ఫోర్కుకు ఒక్కో లూపు చుట్టండి. బ్రేకు గొట్టం, క్లచ్ కేబులు, వైర్లు లూపు కింద నలగకుండా వేలితో తడిమి చూడండి. అక్కడ చోటు లేకపోతే హ్యాండిల్ కడ్డీని ఫోర్కుల మీద బిగించిన చోటికి వీలైనంత దగ్గరగా చుట్టవచ్చు. హ్యాండిల్ చివర్లకు కట్టడం అందరూ చేసే పనే, కానీ ఆ బిగువుకు హ్యాండిల్ కడ్డీ తన బిగింపులో తిరిగిపోతుంది, అప్పుడు బెల్టు ఒక్కసారిగా వదులవుతుంది. అద్దాలు, ఇండికేటర్లు, లీవర్లు, ప్లాస్టిక్ భాగాలు, చీర చిక్కుకోకుండా వెనక పెట్టే జాలీ ఇవేవీ బెల్టుకు ఆధారాలు కావు. కాళ్లకు అడ్డుగా ఉండే క్రాష్ గార్డు గట్టిగానే కనిపిస్తుంది. కానీ అది మరీ కిందుగా ఉంటుంది, అక్కడ పట్టిన బెల్టు బండి పైభాగం ఊగకుండా ఆపలేదు.

ఇప్పుడు దిక్కు. ముందు బెల్టు ఒక్కోటీ కిందికి, బయటికి, ముందుకు లాగాలి. నేలతో 45 డిగ్రీల కోణం ఉంటే బిగువులో 70 శాతం బండిని కిందికి అదుముతుంది. 30 డిగ్రీలకు సగమే మిగులుతుంది. 15 డిగ్రీల్లో నాలుగో వంతు. అప్పుడు ఎంత బిగించినా అది పక్కలకు లాగుతుందే తప్ప షాకును నొక్కదు. పక్క బోర్డులు ఎత్తుగా ఉన్న తొట్టిలో ఈ చిక్కు ఎక్కువ, ఎందుకంటే బయట కొక్కేనికి కట్టిన బెల్టు బోర్డు అంచు మీదుగా పోతుంది, బండికి తెలిసే కోణం ఆ అంచు దాకానే. అలాంటప్పుడు ఆధారాన్ని తొట్టి లోపలే వెతకండి. అంచు మీదుగా పోక తప్పకపోతే గోనె మడతగానీ సైకిల్ ట్యూబుగానీ కింద వేయండి. ఇంకొకటి, కొక్కెం ఫోర్కుకన్నా వెనక ఉంటే బెల్టు బండిని గోడ నుంచి వెనక్కి లాగుతుంది. అన్నిటికన్నా ముందున్న కొక్కేన్ని వాడాలి.

బిగించేటప్పుడు ఒకరు బండి వెనక నిలబడి సీటు పట్టుకొని నిటారుగా ఉంచాలి. రాచెట్ అయితే బెల్టు కొసను మధ్య ఇరుసు చీలికలోంచి దూర్చి, వదులంతా చేత్తో లాగేసి, ఆ తర్వాత పిడి ఊపండి. ఇరుసు మీద కనీసం రెండు చుట్లు పడాలి. వదులు లాగకుండా ఊపితే బెల్టంతా ఇరుసు మీద ఉండలా చుట్టుకొని విడదీయడం తలనొప్పి అవుతుంది. ఎడమ నాలుగు పళ్లు, కుడి నాలుగు పళ్లు, మళ్లీ ఎడమ. ఒక పక్క పూర్తిగా బిగించి రెండో పక్కకు వెళితే బండి ఒరిగిన చోటే బిగుస్తుంది.

ఎక్కడ ఆపాలి? బిగించక ముందే, ముందు చక్రం మడ్‌గార్డుకు, ఫోర్కుల కింది బిగింపుకు మధ్య ఎంత ఖాళీ ఉందో వేళ్లతో కొలవండి. ఆ ఖాళీ మూడు వేళ్ల వెడల్పు, అంటే సుమారు ఐదు సెంటీమీటర్లు తగ్గినప్పుడు ఆపండి. మన రోడ్డు బండ్ల ఫోర్కు కదలిక 130 మిల్లీమీటర్లకు అటూఇటూ ఉంటుంది. అందులో మూడో వంతు దాటి కొంచెం నొక్కినట్టు. ఇంతకు తక్కువైతే గుంతలో షాకు ఇంకా నొక్కుకున్నప్పుడు బెల్టు వేలాడి కొక్కెం జారుతుంది. పూర్తిగా నొక్కేస్తే ఆయిల్ సీళ్ల మీద ఒత్తిడి పడుతుంది, కుదుపంతా ఫ్రేముకు తగులుతుంది. షాకు మరీ నొక్కుకోకుండా మట్టి దారి బండ్లకు చక్రానికి, ఫోర్కుకు మధ్య పెట్టే చెక్క మన మడ్‌గార్డు ఉన్న బండ్లకు దూరదు. వేళ్ల కొలతే దిక్కు.

ముందు బెల్టులు రెండూ బిగిశాక సైడ్ స్టాండ్ తీసేయండి. చాలామంది మనసు ఒప్పుకోనిది ఇక్కడే, స్టాండ్ ఉంటే ఇంకో ఆసరా కదా అని. బెల్టులు బండిని కిందికి అదుముతుంటే ఆ బరువు స్టాండ్ మీద, అది బిగించిన ఫ్రేము చెవి మీద పడుతుంది. స్టాండ్ వంగుతుంది, లేదా ప్రతి కుదుపుకూ బండిని అటువైపుకు తన్నుతుంది. సెంటర్ స్టాండ్ కూడా వద్దు. బండి రెండు చక్రాల మీదే నిలబడాలి.

వెనక బెల్టుల పని వేరు. బండి తోక పక్కలకు జరగకుండా, గుంతలో వెనక చక్రం ఎగిరి పక్కకు పడకుండా చూడటమే వాటి పని. వెనక కూర్చునేవారు పట్టుకునే కడ్డీ ఫ్రేముకు బిగించిన చోటగానీ, వెనక ఫుట్‌రెస్ట్ ఫ్రేముకు కలిసే చోటగానీ లూపు వేసి, కిందికి, బయటికి, కాస్త వెనక్కి కట్టండి. సీటు ఒక వేలు దిగితే చాలు. ముందు బెల్టులంత బిగిస్తే అవి వెనక్కి లాగి ముందు చక్రాన్ని గోడ నుంచి విడదీస్తాయి. ఐదో బెల్టు ఉంటే వెనక చక్రం అంచు చుట్టూ తిప్పి రెండు పక్కలకు కట్టండి. డిస్కు, చైను, ఏబీఎస్ సెన్సర్ వైరు తగలకూడదు.

మొదటి గేరులో పెట్టి వదిలేయండి. బీఎస్-6 నిబంధనలు వచ్చిన 2020 ఏప్రిల్‌కు ముందు తయారైన కార్బురేటర్ బండి అయితే పెట్రోలు కుళాయి కట్టేయండి. మిగిలిన బెల్టు కొసలను చుట్టి ముడి వేయండి, ట్రాలీ చక్రానికి చుట్టుకుంటే అదో ప్రమాదం. పొడవుగా గాలిలో ఉన్న బెల్టుకు అరచుట్టు మెలిక పెడితే గాలికి కొట్టుకోదు. బండి మీద టార్పాలిన్ కప్పాలనుకుంటే ఒంటికి అతుక్కునేలా కట్టండి. వదులుగా కప్పిన పట్టా హైవే గాలికి కొట్టుకొని ట్యాంకు పెయింటును గరుకు కాగితంలా గీస్తుంది, అక్టోబరు నుంచి డిసెంబరు దాకా తీరం వెంబడి వాయుగుండం రోజుల్లో మరీను.

చివరి పరీక్ష: సీటు పట్టుకొని బండిని గట్టిగా ఊపండి. బండి కాకుండా ట్రాలీ ఊగితే కట్టు సరిగా ఉన్నట్టు.

స్కూటర్లకు

యాక్టివా లాంటి స్కూటరుకు గేరు ఉండదు కనుక వెనక బ్రేకు లీవర్ దగ్గర ఉండే లాకు వేయండి, లేకుంటే లీవర్‌ను ట్యూబు ముక్కతో కట్టండి. ఫోర్కులు ప్లాస్టిక్ లోపల దాక్కుంటాయి కాబట్టి ముందు మడ్‌గార్డు పైన, హ్యాండిల్ కింది స్టెమ్‌కు లూపు అందుతుందేమో చూడండి. అందకపోతే కాళ్లు పెట్టే పలక కింది ఫ్రేము గొట్టమే గతి. సీటు మీదుగా అడ్డంగా వేసిన బెల్టు సీటును నలుపుతుంది తప్ప బండిని పట్టదు.

బెల్టులు దొరకనప్పుడు

తాడే గతి అయితే ఒక పొడవాటి తాడు బండి అంతటా తిప్పకుండా నాలుగు మూలలకు నాలుగు విడి తాళ్లు వాడండి. ఒకే తాడైతే ఒక చోట జారినా అంతా వదులవుతుంది. సాగే తాడుకు బిగువు మొదటి గంటలోనే పోతుంది, మాటిమాటికి చూసుకోవాలి. నూలు, జనపనార తాళ్లు తడిస్తే బిగుసుకొని, ఆరాక వదులవుతాయి.

దారిలో

బయలుదేరిన పది, పదిహేను కిలోమీటర్లకు ఒకసారి ఆపించండి. బెల్టు సర్దుకొని, చక్రం అడ్డుపెట్టిన పాత టైరులోకి దిగి, ఎంతోకొంత వదులై ఉంటుంది. హైవే మీద అయితే టంగుటూరు, ముసునూరు, వెంకటాచలం టోల్ గేట్లు దాటాక రోడ్డు పక్క ఆగి ఒక్క నిమిషం చూసుకోవడం సులువు. ప్రతి బెల్టును వేలితో మీటండి. రెండు ముందు బెల్టులూ ఒకే తీరుగా పలకాలి. ఒకటి మూగగా ఉంటే అది వదులైనట్టే.

డ్రైవరు ‘ఏం కాదు సార్, పోదాం’ అంటాడు. అతను ఆ మాట ప్రతి కిరాయికీ అంటాడు.

ఆర్‌సీ, బీమా కాగితాలు వెంట ఉంచుకోండి. సమగ్ర పాలసీ ఉంటే బండిని రోడ్డు మీదో రైల్లోనో తరలించేటప్పుడు జరిగిన నష్టం కూడా అందులోకి వస్తుంది, మూడో పార్టీ పాలసీ ఒక్కటే ఉంటే రాదు. ఎక్కించే ముందు బండిని నాలుగు వైపులా ఫోటోలు తీసి పెట్టుకోండి.

దింపడం

దింపేటప్పుడు క్రమం తిరగబడుతుంది. మొదట వెనక బెల్టులు విప్పండి. ఆ తర్వాత ఒకరు బండిని పట్టుకున్నాకనే ముందు బెల్టుల జోలికి వెళ్లండి. రాచెట్ నాలుక లాగి పిడిని పూర్తిగా వెనక్కి వాలిస్తే బెల్టు ఒక్కసారిగా వదులవుతుంది, షాకు పైకి లేస్తుంది, ముఖం దగ్గర పెట్టవద్దు. సైడ్ స్టాండ్ వేసి, దానికి ఎదుటి పక్క బెల్టు మొదట విప్పి, ఆ తర్వాత స్టాండ్ వైపుది విప్పితే బండి ఒరిగినా స్టాండ్ మీదికే ఒరుగుతుంది.

నేల మీదికి దిగాక ముందు బ్రేకు పట్టి హ్యాండిల్‌ను నాలుగుసార్లు కిందికి నొక్కండి. ఫోర్కు గొట్టాల మీద నూనె గీత కనిపిస్తే సీలు చూపించాలి. బెల్టులకు మట్టి, ఉప్పుగాలి పట్టి ఉంటే మామూలు నీళ్లతో కడిగి నీడలో ఆరబెట్టి చుట్టిపెట్టండి. అంచు చిరిగినదాన్ని, కుట్టు ఊడినదాన్ని ‘ఎందుకైనా పనికొస్తుంది’ అని మూలన పడేయకుండా రెండు ముక్కలుగా కోసేయండి. లేదంటే వచ్చే సారి ఇంట్లో ఎవరో ఒకరు దాన్నే తీసి బండికి కడతారు.